బీపీ మిషన్ పూటకో లెక్క చూపిస్తున్నదా? వాపస్ ఇచ్చే ముందు ఇవి చూడుర్రి

ఊర్లల్ల క్యాంపు పెట్టేటోళ్లకు, కార్డులు యాప్‌లు తయారుచేసేటోళ్లకు రాస్తున్న, ఇంట్ల మిషన్ ఉన్నోళ్లకు గూడ పనికొస్తది.

సమస్య: ఎవరికి చూసినా ఎక్కువే వస్తున్నది

ముందుగాల పట్టీ చూడుర్రి. మిషన్‌తోని వచ్చే పట్టీ మామూలుగ 22 నుంచి 32 సెంటీమీటర్ల జబ్బకే, అంతకన్నా లావున్నోళ్లకు అదే చుడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తది. టైలర్ టేపుతోని భుజానికి మోచేతికి నట్టనడుమ జబ్బ చుట్టూ కొలిచి పెద్ద పట్టీ తెప్పించాలె, సన్నగున్నోళ్లకు, లావున్నోళ్లకు ఇద్దరికి సరిపోయే పట్టీలు లేని క్యాంపు నా లెక్కల క్యాంపే కాదు.

తర్వాత కూసునే తీరు. స్టూల్ మీద కూసోబెడ్తరు, వీపుకు ఆసరా ఉండదు, చెయ్యి వేలాడుతుంటది, పక్కామె ఎనుమాముల మార్కెట్ల మిర్చి రేటెంత అంటే ఈమె చెప్తనే ఉంటది, గిట్ల చూస్తే ఊకెనే పది పాయింట్లు పెరుగుతయి. వీపు ఆనే కుర్చీ వెయ్యుర్రి, చెయ్యి గుండె ఎత్తుల టేబుల్ మీద, పాదాలు నేలకు, ఐదు నిమిషాలు ముచ్చట బంద్. చాయ్, బీడీ తాగినంక అరగంట ఆగాలె, ఒంటేలుకు పోయొచ్చినంకనే చూడాలె. నిమిషం ఆగి రెండోసారి చూసి రెండూ రాసుకోవాలె.

సమస్య: తండాల ముసలామెలు చెయ్యి ఇస్తలేరు

భయపడుతుండ్రని రాసుకుంటరు మనోళ్లు. భయం కాదు, పెద్ద వయసు లంబాడీ ఆడోళ్లకు మోచేతి పైన గూడ గాజులుంటయి, పట్టీ చుట్టే జాగనే ఉండదు. పెండ్లైనోళ్లు ఎవరో చెప్తే తీసేవి కావవి, తియ్యమంటే లేచి పోతరు, పోవుడు గూడ కరెక్టే. కింది గాజులు జర పైకి జరిపి మణికట్టు మిషన్ పెట్టుర్రి, మణికట్టు గుండె ఎత్తుల ఉండాలె. కార్డు మీద మణికట్టు అని రాయుర్రి, జబ్బ లెక్కకు దీనికి తేడా వస్తది, వచ్చే నెల ఇంకో నర్సమ్మ చూసి పరేషాన్ అయితది.

సమస్య: ఒకసారి చూపించుకున్నోళ్లు మళ్ల వస్తలేరు

కార్డుల సిస్టోలిక్, డయాస్టోలిక్ అని సన్న అక్షరాలుంటే ఎవరు చదువుతరు? అంకెలు పెద్దగ, ఎరుపు, ఆకుపచ్చ రంగులతో పాటు ఒక గుర్తు గూడ ఉండాలె, అందరికీ ఆ రెండు రంగులు వేరుగ కనపడవు. మళ్ల రమ్మని పంపే ఎస్సెమ్మెస్ అయితే హైదరాబాద్‌ల చదువుకునే మనుమడి ఫోన్‌కు పోతది, ఆమెకు తెల్వనే తెల్వదు. నంబర్ ఎవరిదో రిజిస్టర్ చేసేటప్పుడే అడగాలె, తెలుగుల, లంబాడీల భాష గోర్‌బోలిల వాయిస్ కాల్ పెట్టాలె. బీపీని అదుపుల పెట్టెతందుకు దేశంల 2017ల మొదలైన ఐహెచ్‌సీఐ ప్రోగ్రాంల కొన్ని రాష్ట్రాలల్ల వాడే సింపుల్ యాప్ నాకు నచ్చుతది, క్యూఆర్ కార్డు స్కాన్ చేస్తే పాత రీడింగులు వస్తయి, ఒకే పేరు ఊర్ల నలుగురికి ఉన్నా తిప్పల లేదు.

సమస్య: 180 బై 120 దాటింది

ఛాతిల నొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబడుడు ఉంటే రెండోసారి చూసుకుంట కూసోవద్దు, 108కి కొట్టుర్రి. అవేం లేకుంటే ఐదు నిమిషాలు కూసోబెట్టి మళ్ల చూడుర్రి, అప్పుడు గూడ గంతే ఉంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి.

సమస్య: ఎర్రర్ వచ్చి ఆగిపోతున్నది

సెల్లులు మార్చి, పట్టీ పైపు ఊడిందేమో చూడుర్రి. అందరికీ బాగనే వచ్చి ఒక్కరికే రోజూ ఎర్రర్ వస్తుంటే మిషన్‌ను అనకుర్రి, ఆయనకు ఈసీజీ తీపియ్యుర్రి, గుండె కొట్టుకునుడు సక్కగ లేకున్నా గట్లనే అయితది.