వెతికితే దొరికే వెబ్‌సైటు – 5వ పాఠం: పాత పేజీల మరమ్మతు

సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల జాబితా) పంపడం, సెర్చ్ కన్సోల్‌లో (గూగుల్‌లో మన సైటు ఎలా కనిపిస్తోందో చూపే సాధనం) సైటును నమోదు చేయడం గత పాఠంలో పూర్తిచేశాం. ఈసారి కొత్త పేజీ ఒక్కటి కూడా రాయం. ఉన్నవాటిని బాగుచేసుకుందాం.

మొదటి నుంచీ ఉదాహరణగా చూస్తున్న పచ్చళ్ల సైటునే తీసుకోండి. జూలైలో లెక్కలు తెరిస్తే ఆవకాయ పేజీకి క్లిక్కులు బాగా పడిపోయి కనిపిస్తాయి. కంగారుపడి శీర్షికలు మార్చేయకండి. మామిడికాయల కాలం అయిపోయింది, అంతే! జూలైని మే నెలతో కాదు, కిందటేటి జూలైతో పోల్చాలి. సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్కలు దాచి ఉంచుతుంది. పెర్ఫార్మెన్స్ రిపోర్టులో తేదీల దగ్గర ‘కంపేర్’ నొక్కితే, గత మూడు నెలలనూ ఏడాది కిందటి అవే నెలలనూ పక్కపక్కన చూపిస్తుంది.

అలా చూసినా తగ్గుదల ఉందంటే అప్పుడు చేయి పెట్టాలి. క్వెరీల (జనం వెతికిన మాటల) జాబితాలో ‘ఆవకాయ’ మీద నొక్కి, పేజీల ట్యాబుకు వెళ్లండి. మనవాళ్లు చాలామంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు కాబట్టి ఆ వర్ణక్రమాలతోనూ చూడండి. ఒకే ప్రశ్నకు ‘ఆవకాయ తయారీ’, ‘ఆవకాయ కొలతలు’ అనే రెండు పేజీలూ కనిపిస్తున్నాయనుకుందాం. కాయలు, కారం, ఆవపిండి, ఉప్పు రెండింటిలోనూ అవే. మీ పేజీతో మీ పేజీయే పోటీపడుతోందన్నమాట. ‘ఆవకాయకు బూజు ఎందుకు పడుతుంది’ అనే పేజీని మాత్రం కలపకండి; అది అడిగేవారి అవసరం వేరు.

బయటి సైట్ల నుంచి ఎక్కువ లింకులున్న పేజీని ఉంచండి. రెండోదానిలో పనికొచ్చే ముక్కలన్నీ ఇందులోకి తెచ్చి, దాని చిరునామా నుంచి ఇక్కడికి 301 రీడైరెక్ట్ (పాత చిరునామాకు వచ్చినవారిని శాశ్వతంగా ఇటు మళ్లించే ఏర్పాటు) పెట్టండి. దాన్ని కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. నన్నడిగితే అసలు తీయనే వద్దు. మీ సైటులోని లింకులను కూడా ఉంచిన పేజీ చిరునామాకే మార్చండి. తీసేసిన ప్రతి పేజీనీ హోమ్ పేజీకి మళ్లించడం మాత్రం దండగ. అలాంటివాటిని గూగుల్ లేని పేజీలుగానే లెక్కగడుతుంది.

విషయం ముట్టుకోకుండా తేదీ ఒక్కటే మార్చి ‘తాజా’ అనిపించే చిట్కా ఒకటి చలామణీలో ఉంది. సైట్‌మ్యాప్‌లోని సవరణ తేదీ ఎప్పుడూ నిజమైతేనే గూగుల్ దాన్ని పట్టించుకుంటుంది. కీవర్డ్స్ మెటా ట్యాగు (పేజీ కోడులో వెతుకు పదాలు రాసిపెట్టే చోటు) కథా ఇంతే. ర్యాంకింగుకు దాన్ని వాడడం లేదని 2009లోనే గూగుల్ ప్రకటించినా, దాన్ని నింపిపెట్టడానికి డబ్బు అడిగేవారు ఇంకా ఉన్నారు! పసలేని పేజీల మీద 2011లో పాండా, కొన్న లింకుల మీద 2012లో పెంగ్విన్ అనే గూగుల్ ర్యాంకింగు మార్పులు, ర్యాంకుల కోసం గుట్టలుగా పుట్టించే పేజీల మీద 2024 మార్చి నిబంధనలు వచ్చాయి. అడ్డదారిలో ఎక్కినవారికి ప్రతిసారీ మళ్లీ మొదటికే వచ్చింది.

ఈ వారం అభ్యాసం: ఒకే విషయం మీద రెండు పేజీలున్న చోటు మీ సైటులో ఒకటి వెతికి, పై పద్ధతిలో కలపండి. కలిపిన తేదీని ఒక పుస్తకంలో రాసుకోండి. ఫలితం తేలడానికి కొన్ని వారాలు పట్టవచ్చు, ఈలోగా ఆ పేజీ జోలికి వెళ్లకండి. వచ్చే పాఠంలో ఫోనులో ఈ పేజీ ఎంత త్వరగా తెరుచుకుంటోందో కొలుద్దాం.