మెరిసిందల్లా నైట్రిక్ ఆక్సైడ్ కాదు

పీహెచ్‌డీ మొదటి ఏడాది వరి మొలకలకి సోడియం నైట్రోప్రుస్సైడ్ పెట్టాను. మొక్కల్లో సంకేతాలు మోసే నైట్రిక్ ఆక్సైడ్ వాయువుని వదిలే మందు అది. వేరు ఎదుగుదల ఆగిపోగానే ‘నైట్రిక్ ఆక్సైడ్ పనే’ అని నోట్‌బుక్‌లో రాసేశాను. తొందరపాటు! వెలుతురు తగిలితే ఆ మందు సైనైడ్ కూడా వదులుతుంది.

అందుకే ద్రావణం ఏ రోజుకారోజు కలపండి, సీసాకి రేకు చుట్టండి. ట్రేలన్నిటికీ ఒకే వెలుతురు. పక్కన పోలికకి నైట్రిక్ ఆక్సైడ్ వదలని ఫెర్రిసైనైడ్ కంట్రోల్, వెలుతురులో వదిలేసి గ్యాస్ పోగొట్టిన పాత ద్రావణం ఇంకో కంట్రోల్. తర్వాత నైట్రిక్ ఆక్సైడ్ వదిలే ఇంకో మందు జీఎస్‌ఎన్‌ఓతోనూ చేసి చూడండి.

నైట్రిక్ ఆక్సైడ్‌ని చూపడానికి వాడే మెరిసే రంగు డీఏఎఫ్, విటమిన్ సి నుంచి వచ్చే డీహైడ్రోఆస్కార్బిక్ ఆమ్లంతోనూ మెరుస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్‌ని తొలగించే సీపీటీఐఓ వేస్తే ఒక్కోసారి మెరుపు పెరుగుతుంది కూడా, మా గైడ్ కూడా నమ్మలేదు. రసాయన చర్యలో వచ్చే వెలుగుని కొలిచే కెమీలూమినిసెన్స్‌తో సరిచూసుకోండి.

నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే సింథేజ్ ఎంజైమ్‌ని ఆపే మందు ఎల్-నేమ్. అది పనిచేసిందని మొక్కలో ఆ ఎంజైమ్ ఉందని తేల్చకండి. జంతువుల్లో ఉండే ఆ సింథేజ్ పూల మొక్కల్లో ఇంతవరకు దొరకలేదు. మొక్కల్లో నైట్రిక్ ఆక్సైడ్ తయారీకి తోడ్పడే నైట్రేట్ రిడక్టేజ్ ఎంజైమ్ లోపించిన అరబిడాప్సిస్ (ప్రయోగాల్లో వాడే చిన్న మొక్క) మ్యూటెంట్ దొరికితే అదే నయం.