శిలాజ పీతల్లో కొత్త జాతిని గుర్తించడం ఎలా?

శిలాజం దొరికిన చోటు, రాతిపొర వివరాలు రాసుకోకుండా దానిని కదిలించకూడదు. అవి పోతే నమూనా విలువ సగం పోయినట్టే. అంటుకున్న రాతిని సూక్ష్మదర్శిని కింద సూదితో ఓపికగా తొలగించాక, పెంకుకు అమ్మోనియం క్లోరైడ్ పొగను పలచగా పట్టిస్తే, అంతవరకు కంటికి ఆనని గాడులు, బొడిపెలు ఆ తెల్లని పూత మీద నీడలతో స్పష్టంగా తేలుతాయి. వీపు మీది గాడుల అమరికను, కంటిగుంతల అంచును, పక్క ముళ్ల సంఖ్యను ముందుగా చూడాలి. తేడా కనిపించగానే కొత్త జాతి అనుకోవడం తొందరపాటే: ఆడమగ భేదం, వయసు, రాతి ఒత్తిడికి వచ్చిన వంకర, చివరికి అది పీత విడిచిన పాత పెంకేనా అన్నది కూడా తేల్చుకోవాలి. దగ్గరి జాతుల మూల నమూనాలతో పోల్చాకే వర్ణన రాసి, ఒక నమూనాను హోలోటైప్‌గా, అంటే ఆ జాతి పేరుకు ఆధారంగా నిలిచే నమూనాగా ఎంచి, మ్యూజియంలో భద్రపరచాలి. కొత్త పేరును ప్రకటించడానికి 2012 నుంచి ఎలక్ట్రానిక్ ప్రచురణ కూడా చెల్లుతుంది, అయితే ఆ రచన ముందే జంతువుల శాస్త్రీయ నామాల అధికారిక ఆన్‌లైన్ పట్టిక అయిన జూబ్యాంక్‌లో నమోదై ఉండాలి.