ట్యాంకు మూత దగ్గర గ్యాస్ ఆగడం లేదా? ఒకసారి సెపరేటర్ దగ్గరికి వెళ్లండి

సమస్య: కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు బావి నుంచి వచ్చే తేలికపాటి నూనె) ట్యాంకు మీద డిప్ హ్యాచ్ (కొలత తీయడానికి తెరిచే మూత) నుంచి గ్యాస్ పోతోంది. మామూలు కంటికి ఎండలో గాలి కదలాడినట్టు ఉంటుంది, ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో చూస్తే పొగ గుప్పుమంటూ కనిపిస్తుంది. గ్యాస్కెట్ మార్చారు. వారం తిరగకుండానే మళ్లీ అదే వాసన.

ముందు మూత సరిగ్గా పడిందో లేదో చూడండి. నవ్వకండి. రాత్రి షిఫ్టులో కొలత తీసినవారు మూత వేస్తారు గానీ గొళ్లెం బిగించరు. టేపు తుడిచిన గుడ్డ పీలిక మూత అంచున ఇరుక్కుని ఉండడం నేను రెండుసార్లు చూశాను. హెచ్2ఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు) మీటరు పెట్టుకోకుండా పైకి ఎక్కవద్దని మళ్లీ చెప్పనవసరం లేదనుకుంటాను.

తర్వాత గడియారం చూడండి. సెపరేటర్ (బావి నుంచి వచ్చినదాన్ని గ్యాస్, ద్రవంగా విడదీసే పాత్ర) ద్రవాన్ని ట్యాంకులోకి వదిలినప్పుడల్లా గ్యాస్ వచ్చి, కొద్ది నిమిషాల్లో తగ్గిపోతే అది ద్రవంలో కరిగి వచ్చిన గ్యాసే. దానికి కావలసింది ఆ ఆవిరిని పట్టి తీసుకునే వేపర్ రికవరీ యూనిట్, రిపేరు కాదు. వదలడం ఆగిన తర్వాత కూడా ఒకే తీరుగా వస్తుంటే అసలు కథ వేరే చోట ఉంది.

కారణం: సెపరేటర్ కింది ఎల్‌సీవీ (మట్టాన్ని బట్టి ద్రవాన్ని వదిలే లెవెల్ కంట్రోల్ వాల్వు) పూర్తిగా మూసుకోవడం లేదు. వాల్వును మూసే ప్లగ్గుకూ, అది కూర్చునే సీటుకూ మధ్య ఇసుక రేణువు ఒక్కటి చిక్కుకుంటే చాలు. ద్రవం అయిపోతుంది, దాని వెనకే గ్యాస్ నేరుగా ట్యాంకులోకి దూరుతుంది. సెపరేటర్ చదరపు సెంటీమీటరుకు 8 కిలోల పీడనం మీద నడుస్తుంటే, ఇలాంటి ట్యాంకు తట్టుకునేది కిలోలో పదో వంతు కూడా కాదు. అంతకు మించితే తెరుచుకోవడానికే హ్యాచ్‌కు స్ప్రింగు పెట్టారు. పాపం, అది తన పని తాను చేస్తుంటే మనం దాని గ్యాస్కెట్ పీకుతుంటాం.

నన్ను మోసం చేసింది కంట్రోల్ రూమ్ తెర. గోదావరి డెల్టాలో, కొబ్బరితోటల మధ్య ఉన్న ఒక స్టేషన్‌లో మూడు గ్యాస్కెట్లు, ఒక కొత్త హ్యాచ్ మార్చాను. తెర మీద వాల్వు ‘క్లోజ్’ అనే ఉంది. అది కంట్రోలర్ ఇచ్చిన ఆదేశం మాత్రమే, సీటు దగ్గర ఏం జరుగుతోందో దానికి తెలియదు. చివరికి పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన వాల్వు బాడీకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. లోపల సన్నగా ‘సుయ్’మని ఆగని శబ్దం. సెపరేటర్ మట్టం చూపే లెవెల్ గ్లాసులో చూస్తే ద్రవం అడుగున కూడా లేదు.

ఖాయం చేసుకోవడానికి: మొదట ఎల్‌సీవీని చుట్టి పోయే బైపాస్ లైను వాల్వు గట్టిగా మూసి ఉందో చూడండి. హడావిడిలో కాస్త తెరిచి మరిచిపోయేవారు ప్రతి షిఫ్టులోనూ ఉంటారు. తర్వాత ఎల్‌సీవీకి ముందున్న చేతి వాల్వును పది నిమిషాలు మూయండి. లెవెల్ గ్లాసు దగ్గర ఒక మనిషి కచ్చితంగా నిలబడాలి, మట్టం పెరిగితే ద్రవం గ్యాస్ లైనులోకి పోతుంది. హ్యాచ్ దగ్గర చప్పుడు తగ్గిందా, దొంగ దొరికినట్టే.

పరిష్కారం: వాల్వుకు రెండు వైపులా లైను మూసి, పీడనం పూర్తిగా దించి విప్పండి. సీటు మీద గోటికి తగిలే గీతలుంటే రుద్ది సరిపెట్టకండి, ప్లగ్గు, సీటు జతగా మార్చండి. ఇసుక వచ్చే బావి అయితే గట్టి లోహపు ట్రిమ్ (ప్లగ్గు, సీటు లాంటి లోపలి భాగాలు) వేయించండి. సెపరేటర్ అడుగున పేరుకున్న ఇసుక కూడా కడగండి, లేకపోతే కొత్త సీటూ అదే దారి పడుతుంది.

ట్యాంకు పైకప్పు తుప్పుపట్టి చిల్లు పడడం, ట్యాంకులోకి గాలి చొరబడకుండా నింపే బ్లాంకెట్ గ్యాస్ రెగ్యులేటర్ ఎక్కువకు సెట్ కావడం లాంటివి కూడా ఉంటాయి. అరుదు. ఇవన్నీ చూశాక వాటి సంగతి చూడవచ్చు.

పని అయ్యాక కెమెరాతో మళ్లీ చూడండి, అదీ సెపరేటర్ ద్రవం వదిలే రెండు డంపుల మధ్య విరామంలో.