హెడ్‌సెట్ అడాప్టర్ బోర్డు మార్చడం – పాఠం 4: ఏ వైరు ఎక్కడిది?

ఈసారి కొత్త బోర్డు అతికించేసి అడాప్టర్ (హెడ్‌సెట్ కేబుల్‌నీ యూఎస్‌బీ ప్లగ్‌నీ కలిపే చిన్న డబ్బా) మూత బిగిద్దామనుకున్నాను. మీ ఉత్తరాలు చూశాక ఆ ఆలోచన మానుకున్నాను. పాత బోర్డు ఊడదీసే ముందు ఫోటో తీసుకోమన్న మాట సగం మంది పట్టించుకోలేదు. కొందరైతే సోల్డర్ (వైర్లని అతికించే లోహం) కరిగించే ఓపిక లేక వైర్లను కత్తెరతో కట్ చేసేశారు. ఇప్పుడు అందరిదీ ఒకటే ప్రశ్న: ఏ వైరు ఎక్కడ పెట్టాలి?

ముందు కట్ చేసినవాళ్ల సంగతి చూద్దాం. మల్టీమీటర్ పెడితే ఏ వైరూ పలకడం లేదు, కేబులే పోయిందేమో అని టెన్షన్ పడుతున్నారు. కేబుల్‌కి ఏమీ కాలేదు. హెడ్‌సెట్ కేబుల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగుల్లో కనిపించే సన్నటి పోగుల మీద ప్లాస్టిక్ తొడుగు ఉండదు, లక్కలాంటి పూత ఉంటుంది. అది పోయేదాకా కరెంటూ పారదు, సోల్డరూ అంటదు, బొట్టుబొట్టుగా జారిపోతుంది. దయచేసి లైటర్ ముట్టించకండి! ఎన్ని వీడియోల్లో చూపించినా సరే. మంటకి రాగి నల్లబడుతుంది, ఆ నలుపు మీద సోల్డర్ ఇంకా అంటదు. లోపలి నూలు పోగు కాలి ముద్దవుతుంది. బ్లేడుతో గీకితే పోగులు తెగి, ఏడింటిలో మూడు మిగులుతాయి. పద్ధతి ఇదీ: సోల్డరింగ్ ఐరన్ 380–400 డిగ్రీల దగ్గర పెట్టండి. మొనమీద సోల్డర్ పెద్ద బొట్టుగా నిలబెట్టి, వైరు చివరకి ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటడానికి రాసేది) రాసి ఆ బొట్టులో ముంచండి. మొదట రెండు మూడు సెకన్లు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత సన్నగా పొగ లేచి, రంగు వెనక్కి తగ్గుతూ, కొస వెండిలా మెరుస్తుంది. అప్పుడు తీసేయండి. ఆ పొగ పీల్చొద్దు, కిటికీ తెరిచి ఉంచండి.

ఇక గుర్తుపట్టడం. ఎక్కువ కేబుళ్లలో ఎరుపు కుడి, ఆకుపచ్చో నీలమో ఎడమ, ఒట్టి రాగి రంగు గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు). కానీ అలాగే ఉండాలని రూలేమీ లేదు. నేనైతే రంగు చూడను, మీటర్‌నే అడుగుతాను. కేబుల్ మీద వాల్యూమ్ చక్రం ఉంటే ఫుల్‌లో పెట్టండి, మైక్ మ్యూట్ తీసేయండి. మీటర్‌ని 200 ఓమ్‌ల రేంజ్‌లో పెట్టి, హెడ్‌సెట్ తలకి తగిలించుకుని, ప్రోబ్‌లు రెండు రెండు వైర్ల మీద ఆనించండి. 32 ఓమ్‌ల స్పీకర్లయితే దాదాపు 32 చూపిస్తుంది, ఆ చెవిలో 'టక్' మంటుంది. ఏ చెవిలో మోగిందో ఆ జతలో ఆ చెవి వైరు ఉన్నట్టు. 64 దగ్గర చూపించి రెండు చెవుల్లోనూ మోగితే మీరు పట్టుకున్నవి ఎడమ, కుడి. రెండు చెవులకీ ఉమ్మడిగా మిగిలినది గ్రౌండ్. ఒక్కో చెవికీ విడిగా గ్రౌండ్ ఉంటే 64 అసలు రాదు, రెండు వేర్వేరు జతలు దొరుకుతాయి.

మైక్‌కి రేంజ్ పెంచాలి, వందల నుంచి వేల ఓమ్‌లు చూపిస్తుంది. ప్రోబ్‌లు తారుమారు చేస్తే అంకె మారుతుంది, మైక్‌లోకి ఊదితే వణుకుతుంది. స్పీకర్‌లో ఈ రెండూ జరగవు. మైక్ వైరు చుట్టూ అల్లినట్టున్న రాగి పోగులు దాదాపు ఎప్పుడూ గ్రౌండే.

యూఎస్‌బీ వైపు తేలిక. పెద్ద ప్లగ్‌లో బయటి రెండు పిన్నులు 5 వోల్టులు, గ్రౌండ్, లోపలివి డేటా. మీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి (రెండు కొసలూ కలిసి ఉంటే మోగుతుంది) పిన్ను నుంచి వైరుకి చూసుకోండి. డేటా వైర్లు తారుమారైతే కంప్యూటర్ గుర్తుపట్టదంతే; 5 వోల్టులు, గ్రౌండ్ తారుమారైతే కొత్త బోర్డు మాడిపోవచ్చు.

అతికించడం మీకు వచ్చు. కేబుల్‌ని మూత రంధ్రంలోంచి ముందే దూర్చుకుని, ఐరన్ 340కి దించి కానివ్వండి. ప్లగ్ పెట్టేముందు బోర్డు మీద 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య బీప్ రాకూడదు.

అన్నట్టు, సాధన. మైక్ ఉన్న పాత ఇయర్‌ఫోన్ ఒకటి, పిన్ను దగ్గర పాడైనదైనా ఫర్వాలేదు, కట్ చేయండి. వైర్లకి పూత తీసి, రంగులు కనపడకుండా నల్ల మార్కర్ పూయండి. వాటిని కలగాపులగం చేసి, మీటర్‌తో నాలుగూ గుర్తుపట్టి కాగితం మీద రాయండి. వరుసగా మూడుసార్లు ఒకే జవాబు వచ్చేదాకా కొత్త బోర్డు కవరు చింపకండి.