ప్రొపెల్లర్‌కు రాళ్ల దెబ్బ: సమస్య - పరిష్కారం

కర్నూలు దగ్గర ఓర్వకల్లు రాతివనాలను చూసినవారికి ఆ నేల గట్టిదనం తెలుసు. అక్కడి రాళ్లలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ (పలుగురాయి) ప్రొపెల్లర్ బ్లేడు చేసే అల్యూమినియం కంటే చాలా గట్టిది. అలాంటి చోట చిన్న విమానాన్ని చదును రన్‌వే దాటించి మొరం నేల మీదికి తెస్తే మొదటి దెబ్బ ప్రొపెల్లర్‌కే.

సమస్య: బ్లేడు ముందంచున గాట్లు, కొన దగ్గర మరీ ఎక్కువ.

కారణం: విమానం కదలకుండా ఉన్నప్పుడు ఇంజను వేగం పెంచితే బ్లేడు కొనల కింద చిన్న సుడిగాలి పుట్టి గులకరాళ్లను పైకి లాగుతుంది. సెస్నా 172 అనే చిన్న విమానం బ్లేడు కొన నిమిషానికి 2,400 తిరుగుళ్ల దగ్గర సెకనుకు సుమారు 240 మీటర్ల వేగంతో తిరుగుతుంది. ఆ వేగానికి శనగగింజంత రాయి చాలు.

పరిష్కారం: ముందు మాగ్నెటో (ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే పరికరం) స్విచ్ ఆపి ఉందో లేదో చూడండి. ఆపి ఉన్నా ప్రొపెల్లర్ ఎప్పుడైనా తిరగవచ్చన్నట్టే మెలగండి. మాగ్నెటోకు బ్యాటరీతో పనిలేదు, ప్రొపెల్లర్‌ను చేత్తో కదిపినా అది నిప్పురవ్వ పుట్టించగలదు. తర్వాత వేలితో అంచు తడమండి. గోరుకు తగిలే గాటును చిన్నదని వదలకండి. లోహం మీది ఒత్తిడంతా ఆ పదునైన మూలలోనే చేరి పగులు మొదలవుతుంది, పగులు పెరిగితే బ్లేడు ముక్క గాల్లోనే ఊడిపోతుంది. లైసెన్సున్న ఇంజనీరు సన్న ఆకురాయితో గాటును అంచు పొడవునా నునుపుగా కలిపేస్తారు. ఎంత లోతు వరకు అరగదీయవచ్చో తయారీదారు మాన్యువల్ చెబుతుంది. సుత్తితో సరిచేయడం, పైన రంగు పూసి కప్పేయడం ప్రాణాంతకం.

మళ్లీ గాటు పడకూడదంటే ఇంజను పరీక్ష ఎప్పుడూ సిమెంటు లేదా తారు నేల మీద, ఊడ్చిన చోటే చేయాలి. నా దృష్టిలో అంచుకు అతికించే ఏ టేపు కన్నా చీపురే మేలు. మొరం మీద నడపడం తప్పనిసరైతే పరీక్ష ముందే ముగించి, ఆగకుండా కదులుతూ థ్రాటిల్ (ఇంజను వేగం పెంచే మీట) మెల్లగా పెంచండి. కంట్రోలు (పైలట్ చేతిలోని పిడి) వెనక్కి లాగి పట్టుకుంటే ముందు చక్రం మీద బరువు తగ్గి ప్రొపెల్లర్ నేలకు కాస్త ఎడంగా ఉంటుంది.

సమస్య: బ్లేడు కొనకు మట్టి, గడ్డి మరకలు.

కారణం: ముందు చక్రం గుంతలో దిగింది, లేదా దాని స్ట్రట్‌లో (కుదుపులు మింగే కాలులో) గాలి తగ్గింది. ముందు చక్రమున్న విమానాలకు నేలకూ ప్రొపెల్లర్‌కూ మధ్య ఉండాల్సిన కనీస ఎడం 7 అంగుళాలే.

పరిష్కారం: స్ట్రట్, టైరు గాలి చూడండి, దారిని ముందే నడిచి గుంతలు పూడ్చండి. తిరుగుతున్న బ్లేడు నేలను తాకిందని అనుమానముంటే ఇంజను మళ్లీ స్టార్ట్ చేయకండి. బ్లేడు వంగకపోయినా లోపల క్రాంక్‌షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు) దెబ్బతిని ఉండవచ్చు, ఇంజను విప్పి చూడాల్సిందే.