మోటోక్రాస్ బూట్లు: సీజన్‌లో ట్రాక్ ఎక్కేముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

వానలు వెనకబట్టాక మోటోక్రాస్ ట్రాక్, అంటే గుట్టలూ మలుపులూ ఉన్న మట్టి దారిలో బైకులు తొక్కే చోటు, మీదికి దిగే మొదటి వారాల్లో నేలను అంత తేలిగ్గా నమ్మకూడదు. ఎర్ర చలకలో పైన పొడి దుమ్ము ఉంటే కింద తడి ఉంటుంది. రేగడి నేలల్లో అయితే వానలప్పుడు బండ్లు తొక్కిన గాడులు అలాగే ఎండి గట్టిపడిపోతాయి. మలుపులో దించిన కాలు అలాంటి గాడిలో ఇరుక్కుంటే పాదం అక్కడే ఆగుతుంది, బండి మాత్రం మనిషిని లాక్కుంటూ ముందుకు పోతుంది. ఆ మెలి మొత్తం చీలమండ మీద పడుతుంది. దాన్ని ఆపడానికే మోటోక్రాస్ బూటు. కానీ కాలికి సరిగ్గా కూర్చోని బూటు, ఎంత ఖరీదు పెట్టి కొన్నా, ఆ పని చేయలేదు. ఫిట్టింగ్ వేరు, రక్షణ వేరు అనుకుని కొనేవాళ్లు ఎక్కువ కాబట్టి ముందుగా ఈ మాట చెప్పాల్సి వస్తోంది.

ట్రాక్ మీద పాదానికి దెబ్బ మూడు రకాలుగా తగులుతుంది. మొదటిది ఇప్పుడు చెప్పుకున్న మెలి. రెండోది, జంప్ నుంచి దిగేటప్పుడు ఫుట్‌పెగ్ (బండికి పక్కన కాలు పెట్టుకునే కడ్డీ) మీద పాదం ఒక్కసారిగా పైకి వంగిపోవడం, లేదా వేళ్లు నేలకు తగిలి పాదం వెనక్కి మడత పడటం. మూడోది నలగడం: బండి కాలి మీద పడటం, ఫుట్‌పెగ్ కాలి ముందు ఎముకకు కొట్టుకోవడం, వెనక వచ్చే బండి చక్రం ఎక్కడం. నలగడాన్ని గట్టి ప్లాస్టిక్ పలకలు చాలావరకు అడ్డుకుంటాయి. మెలినీ అతిగా వంగడాన్నీ ఆపాల్సింది మాత్రం చీలమండకు రెండు పక్కలా ఉండే కీలు. బూటు కింది భాగాన్నీ పిక్క భాగాన్నీ కలిపేది అదే. అది ముందుకూ వెనక్కీ కొంత దూరం కదలనిచ్చి ఆగిపోతుంది, పక్కకు పెద్దగా కదలనివ్వదు.

అంతమాత్రాన ఆ బలం మాయమైపోదు. చీలమండ దగ్గర ఆగింది కొంత పైకి, కాలి ఎముక మీదికీ మోకాలి మీదికీ ఎక్కుతుంది. అందుకే గట్టి బూట్లు కొన్నవాళ్లు మోకాలికి మామూలు ప్యాడ్‌తో సరిపెట్టుకోకుండా నీ బ్రేస్ (మోకాలిని పట్టి ఉంచే గట్టి కట్టు) గురించి కూడా ఆలోచించాలి.

యూరప్ ప్రమాణాలకు పరీక్షించిన బూటు లోపల సీఈ గుర్తు, బైకర్ బొమ్మ, ఈఎన్ 13634 అనే ప్రమాణం సంఖ్య, దాని కింద నాలుగు అంకెలు ఉంటాయి. అవి వరసగా బూటు ఎత్తు, రాపిడికి ఓర్చుకోవడం, కోతకు ఓర్చుకోవడం, సోల్ అడ్డంగా నలగకుండా నిలవడం. ఒక్కోదానికి 1 లేదా 2 ఇస్తారు, 2 అంటే మెరుగు. మోటోక్రాస్‌కు చివరి అంకె 2 ఉన్నది తీసుకోండి. ఐపీఏ అనే అక్షరాలుంటే చీలమండ దగ్గర, ఐపీఎస్ ఉంటే కాలి ముందు ఎముక దగ్గర దెబ్బను తగ్గించే పరీక్ష కూడా పాసైందని అర్థం. అయితే ఆ నాలుగు అంకెల్లో ఏదీ చీలమండ మెలి గురించి చెప్పదు. 2 2 2 2 ఉన్న టూరింగ్ బూటు రోడ్డుకు మంచిదే కావచ్చు, గాడిలో ఇరుక్కున్న కాలిని కాపాడుతుందని ఆ లేబుల్ చూసి అనుకోవద్దు. దుకాణంలో చేయగలిగిన పరీక్ష ఒకటుంది. ఒక చేత్తో మడమనూ ఇంకో చేత్తో ముందు భాగాన్నీ పట్టుకుని తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టండి, సోల్ లొంగకూడదు. తర్వాత పిక్క భాగాన్ని పట్టుకుని పక్కకు వంచి చూడండి, కీలు దగ్గర ఊగులాట కనిపించకూడదు.

కొలత సంగతి

పాదాన్ని సాయంత్రం కొలవాలి, పొద్దంతా నిలబడ్డాక కాలు కాస్త ఉబ్బుతుంది కాబట్టి. రైడింగ్‌లో వేసుకునే సాక్సులే వేసుకుని, మడమ గోడకు ఆనించి, కాగితం మీద బరువంతా మోపి నిలబడి, పొడవాటి వేలి చివర గీత పెట్టండి. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. కొలత మిల్లీమీటర్లలో రాసుకోండి. ఒక కంపెనీ 43, ఇంకో కంపెనీ 43 ఒకటి కాదు. రన్నింగ్ షూ సైజు చెప్పి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టిన బూట్లు వెనక్కి పోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

బూటు చేతికొచ్చాక ముందు లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి దాని మీద నిలబడండి. వేలి ముందు 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. పక్కల నుంచి పాదం ఇన్‌సోల్ దాటి బాగా బయటికొస్తే ఆ బూటు మీకు ఇరుకు. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. చెప్పులతోనే ఎక్కువ తిరిగిన కాళ్లకు ముందు భాగం వెడల్పుగా ఉంటుంది. బూటు పక్కల్లో నొక్కగానే ఒక సైజు పెద్దది అడుగుతారు. వెడల్పు దొరుకుతుంది కానీ పొడవూ పెరుగుతుంది. దాంతో బూటు కీలు మీ చీలమండ ఎముకకు ఎదురుగా కాకుండా ముందుకు జరుగుతుంది, మడమ లోపల తేలుతుంది. ఇప్పుడు కాలు ఒక చోట వంగుతుంటే బూటు ఇంకో చోట వంగుతుంది. గాడిలో కాలు ఇరుక్కున్నప్పుడు బూటు ఆగిపోయినా, లోపల పాదం తిరగడానికి చోటు మిగిలే ఉంటుంది. వెడల్పు కావాలంటే కంపెనీ మార్చండి, సైజు మార్చకండి.

పిల్లల బూట్ల విషయంలో ఈ తప్పు ఇంకా ఎక్కువ. స్కూలు బూట్లు కొన్నట్టు వచ్చే ఏడాదికీ పనికొస్తాయని రెండు సైజులు పెద్దవి తీసుకుంటారు. ఎదిగే ఎముకల చివర్లు మెత్తగా ఉంటాయి, అక్కడ దెబ్బ తగిలితే కాలి ఎదుగుదలే దెబ్బతినొచ్చు. ఈ సంవత్సరానికి సరిపోయే జత కొని, తర్వాత అమ్ముకోవడం మేలు.

వేసుకునేటప్పుడు మడమతో నేలను రెండుసార్లు తట్టి పాదాన్ని వెనక్కి కూర్చోబెట్టండి. కింది రెండు బకిళ్లు ముందు, పై రెండు తర్వాత, మోకాలు కాస్త వంచి బిగించండి. లేచి మునివేళ్ల మీద నిలబడితే మడమ లోపల 5 మిల్లీమీటర్లకు మించి లేవకూడదు. గొంతుక్కూర్చుంటే వేళ్లు ముందుకు తగలకూడదు. పాదం పైభాగంలో ఒకే చోట సూదిలా నొక్కుతుంటే అది వాడకంతో పోయే నొప్పి కాదు, ఆ బూటు వదిలేయండి. చుట్టూ సమానంగా బిగువుగా ఉంటే మాత్రం సర్దుకుంటుంది. ప్యాంటు, నీ బ్రేస్ కూడా తీసుకెళ్లి, వాటితో పాటు పై బకిల్ పడుతుందో లేదో చూడాలి. బ్రేస్ కింది అంచు బూటు పై అంచు మీద కూర్చుంటే వంగినప్పుడల్లా బ్రేస్ పైకి నెట్టుకుపోయి మోకాలి చోటు తప్పుతుంది.

ఏది ఎలాంటిది

పేరున్న బూట్లలో ఆల్పైన్‌స్టార్స్, సిడి, గేర్నే మూడూ ఇటలీలోని ట్రెవీసో జిల్లావే. మోంటెబెల్లూనా చుట్టుపక్కల కొండ బూట్లు కుట్టే ఊళ్ల నుంచే, 1960ల మొదట్లో ఇవి పుట్టాయి. అయినా మూడింటి పాదపు అచ్చు, అంటే బూటు లోపలి ఆకారం, మూడు రకాలు.

ఆల్పైన్‌స్టార్స్ టెక్ 10లో లోపల వేరే బూటీ, అంటే విడిగా బయటికి తీయగలిగే లోపలి బూటు, ఉంటుంది. చీలమండను పట్టి ఉంచే ఏర్పాటు ఆ బూటీలోనే ఉండటంతో పట్టు గట్టిగా ఉండి కూడా మొదటిరోజు నుంచే కాలు తేలిగ్గా కదులుతుంది. ధర ఎక్కువ. మన ఏప్రిల్ ఎండలో బూటీ చెమటకు నానిపోతుంది, తడిస్తే ఆరడానికి ఒక పూట చాలదు. టెక్ 7లో బూటీ లేదు, కీలు ఉంది. బరువూ వేడీ తక్కువ, ఫుట్‌పెగ్ బాగా తెలుస్తుంది, టెక్ 10 అంత పట్టు ఉండదు. కొత్తగా మొదలుపెట్టి వారాంతాల్లో మాత్రమే తొక్కేవాళ్లకు ధరా రక్షణా కలిసొచ్చేది ఇదేనని నా అభిప్రాయం. సిడి క్రాస్‌ఫైర్ 3 ఎస్ఆర్ఎస్‌లో ముందుకూ వెనక్కీ అతిగా వంగకుండా ఒక హద్దు దగ్గర ఆపేసే నిర్మాణం ఉంటుంది. సోల్ మరలు విప్పి మార్చుకోవచ్చు, చాలా భాగాలు విడిగా దొరుకుతాయి. అచ్చు సన్నం, వెడల్పు కాళ్లకు బాధ. గేర్నే ఎస్‌జీ-12 వెడల్పు కాళ్లకు కాస్త చోటిస్తుంది, కొత్తలోనే మెత్తగా కదులుతుంది, కానీ జత బరువే.

తక్కువ ధర బూట్లలో చాలావాటికి కీలే ఉండదు. పైకి పలకలు, బకిళ్లు అన్నీ ఉంటాయి, చీలమండ దగ్గర మాత్రం ఒట్టి తోలు మడత. నలగకుండా కాపాడతాయి, మెలి దగ్గర చేతులెత్తేస్తాయి. జంప్‌ల జోలికి వెళ్లనివాళ్లకు అవి సరే.

బండి మీద

కొత్త బూటు ముందు భాగం మామూలు షూ కంటే బాగా మందం. గేర్ లివర్ కింద అది దూరకపోతే గేరు మిస్సవుతుంది. క్లాంప్ బోల్టు పూర్తిగా తీసి, లివర్‌ను షాఫ్ట్ మీద నుంచి లాగి, షాఫ్ట్ మీది పళ్లలో ఒక పల్లు పైకి జరిపి బిగించండి. ఒకేసారి రెండు పళ్లు జరిపితే కిందికి గేరు వేయడం కష్టమవుతుంది. బ్రేక్ వైపు సమస్య ఇంకా తెలివిగా దాక్కుంటుంది. గట్టి బూటులో పెడల్ మీద పాదం ఆనిందని కాలికి తెలియదు. తెలియకుండానే బ్రేక్ పట్టి ఉండి వెనక డిస్క్ కాలిపోతుంది. పెడల్ కొంచెం దించి, ఫ్రీ ప్లే (బ్రేక్ పట్టేముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం) మీ బండి మాన్యువల్‌లో చెప్పినంత ఉందో లేదో సరిచూడండి.

ఇంట్లో రోజూ అరగంట వేసుకుని మెట్లెక్కి దిగండి, తర్వాత చదును నేల మీద నెమ్మదిగా తొక్కండి. జంప్‌లకు కొత్త బూట్లు వద్దు. మెత్తబడతాయని నీళ్లలో నానబెట్టడం, హెయిర్ డ్రయర్ పట్టడం చేయొద్దు, అతుకులు వదిలేస్తాయి. నూలు సాక్సులు రెండు జతలు వేస్తే చెమట పట్టి పొక్కులు లేస్తాయి. మోకాలి దాకా వచ్చే సింథటిక్ సాక్సు ఒక్క జత చాలు.

బకిల్ స్క్రూలు మొదటి కొన్ని రైడ్లలో వదులవుతాయి. ఒకటి ఊడిందంటే ఆ పూట ఆ బూటు పట్టు పోయినట్టే. నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) ఒక చుక్క వేసి బిగించి, ఒకటి రెండు బకిళ్లు, స్ట్రాప్‌లు స్పేర్‌గా బ్యాగులో ఉంచండి.

రేగడి బురద ఆరకముందే కడగాలి. అది కీలు సందుల్లో ఎండితే బూటు వంగడం మానేస్తుంది, బలవంతంగా వంచితే కీలు అరిగిపోతుంది. ప్రెషర్ వాషర్ ఉంటే దూరం నుంచి కొట్టండి, కుట్ల మీదా కీళ్ల మీదా దగ్గరగా వద్దు. పెట్రోలుతో తుడవకండి. ఇన్‌సోల్, బూటీ తీసి, లోపల పాత పేపర్లు కూరి, నీడలో ఫ్యాన్ కింద ఆరబెట్టండి. సోల్‌కు మధ్యలో ఫుట్‌పెగ్ ఆనే చోట గాడి పడుతుంది. లోపలి పొర కనిపించిందంటే సోల్ మార్చే సమయం దాటిపోతోంది.

సెకండ్ హ్యాండ్ జత కొనేవాళ్లు కీలు ఊగులాట, వంగే చోట పగుళ్లు, సోల్ అంచు లేవడం చూడాలి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఏళ్ల తరబడి అలమారాలో ఉన్న బూట్లు పైకి కొత్తగా మెరిసినా, లోపలి పాలీయురిథేన్ భాగాలు తేమకు పొడిపొడిగా రాలిపోతుంటాయి. సోల్ అంచును గోటితో గట్టిగా నొక్కి చూడండి.

పడ్డాక కాలు మీద బరువు మోపలేకపోతే, బూటును లాగి తీసే ప్రయత్నం చేయొద్దు. బకిళ్లు వదులు చేసి, కాలు కదలకుండా ఉంచి, 108కు ఫోన్ చేయండి. చీలమండ విరిగి ఉంటే సాయం వచ్చేదాకా ఆ బూటే కట్టులా పట్టి ఉంచుతుంది. వేళ్లు మొద్దుబారినా, చల్లబడినా, బూటులోంచి నెత్తురు కారినా ఆ మాట ఫోన్‌లోనే చెప్పండి, అప్పుడు ఆలస్యం పనికిరాదు. కాలికి ఏమీ కాలేదని తేలినా, కీలునూ ముందు పలకనూ వెలుతురులో తిప్పి చూడండి. సన్నటి తెల్లగీత కనిపిస్తే అక్కడ ప్లాస్టిక్ సాగి పగలడం మొదలైంది, ఆ భాగం మార్చేదాకా ఆ బూటుతో ట్రాక్ ఎక్కొద్దు.